పెద్ద బజారు దుకాణదారులకు: ఆ ఎర్ర పద్దు పుస్తకాలు తూకానికి వెయ్యకండి

ఒడిశాలోని మన బరంపురం పెద్ద బజారు, సాన బజారు, అన్నపూర్ణ మార్కెట్, గిరి రోడ్డు ప్రాంతాల్లో తాతల నాటి నుంచి కొట్లు నడుపుతున్న సావుకార్లకు, వాళ్ళ కొడుకులకు, కోడళ్ళకు, మనవలకు నమస్కారాలు.

మీలో చాలామందికి నేను తెలుసు. తెలియనివాళ్ళు మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. బట్టల కొట్లో ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కలు రాసిన గుమాస్తా గారి రెండో అమ్మాయి అంటే గుర్తుపడతారు. పెళ్ళయ్యాక కూడా ఈ ఊళ్ళోనే ఉన్నాను. అరవై దాటాయి. మీ బజారు గురించి రాయడానికి నాకున్న అర్హత ఇంతే.

పోయిన నెలలో ఒకరోజు పాత పేపర్లు అమ్మడానికి పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాను. నాకంటే ముందు ఒక కుర్రాడు ఆటోలోంచి గోనెసంచులు దించుతున్నాడు. సంచుల్లోంచి పొడుగాటి పద్దు పుస్తకాలు తీసి తూకం పళ్ళెం మీద వేస్తున్నాడు. ఎర్ర గుడ్డ అట్టలు, నడుముకి చుట్టిన తాడు. దూరం నుంచే గుర్తుపట్టాను. చిన్నప్పుడు ఆ అట్టల మీద తల పెట్టుకుని నిద్రపోయినదాన్ని.

"ఎక్కడివి బాబూ ఇవి?" అని అడిగాను. "మా తాతగారి కొట్టువి ఆంటీ. కొట్టు పడగొట్టి కొత్తది కడుతున్నాం. అటక మీద ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ చదవడం రాదు" అన్నాడు. మర్యాదగా చెప్పాడు, తెలుగులోనే చెప్పాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. బడిలో ఒడియా, హిందీ, ఇంగ్లీషు చదువుకున్నాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. అక్షరాలు ఎవరూ నేర్పలేదు. చదవడం రాని పుస్తకం అతని దృష్టిలో కాగితమే కదా.

ఒక పుస్తకం నేను తీసుకుంటానన్నాను. కిలోన్నర తూగింది. పేపరు ధరకే ఇచ్చారు. మిగతావి కూడా తీసుకుందామని ఇంటికి పోయి డబ్బు, ఆటో చూసుకుని వచ్చేసరికి సంచులు లారీ ఎక్కిపోయాయి. ఎన్ని పుస్తకాలో లెక్కపెట్టనైనా లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

చేతికి దొరికిన ఆ ఒక్క పుస్తకంలో ఏముందో చెప్తాను. మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు. ఇన్నేళ్ళకీ రంగు పూర్తిగా పోలేదు. నడుమ పెద్దగా "శ్రీ". దాని కింద "హేవిళంబి నామ సంవత్సర చైత్ర శుద్ధ పాడ్యమి, సోమవారం" అని రాసి, పక్కన 1-4-1957 అని ఇంగ్లీషు తేదీ వేశారు. ఉగాదికి కొత్త పద్దు పుస్తకం తెరవడం మన కొట్లలో ఆనవాయితీ. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 1న వచ్చింది. దేశమంతా నయాపైసలు మొదలైంది కూడా ఆ రోజే. ముందురోజు దాకా రూపాయికి పదహారు అణాలు, అరవై నాలుగు పైసలు. తెల్లారేసరికి రూపాయికి వంద. పండగపూట కొత్త పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్న గుమాస్తాకి ఎంత టెన్షన్ పట్టుకుని ఉంటుందో ఆలోచించండి.

అట్ట లోపలివైపు ఆయన ఒక పట్టీ రాసుకున్నారు. అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19, పావలాకి 25. మూడణాల దగ్గర ముందు 18 వేసి, కొట్టేసి, 19 చేశారు. అసలు లెక్క పద్దెనిమిది ముప్పావు మరి. పైకి లాగాలా, కిందకి దించాలా అని కలం ఆపి ఆలోచించిన చోట సిరా చుక్క ఉబ్బి ఉంది. నేను ఆ చుక్క మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

మొదటి వారాల్లో ప్రతి పద్దుకీ రెండు లెక్కలున్నాయి. ఎడమవైపు అణాలు, కుడివైపు నయాపైసలు. వైశాఖం వచ్చేసరికి అణాలు మానేశారు. బెల్లం, చింతపండు, కొబ్బరినూనె, మిరపకాయలు. తూకాలు మాత్రం ఇంకా వీశెలూ సేర్లే. ఖాతాదారుల పేర్ల పక్కన ఊరి పేర్లు: దిగపహండి, చికిటి, హింజిలి, కుకుడాఖండి. ఇంటిపేర్లు చూస్తే బెహెరా, పాత్రో, సాహు, ప్రధాన్, మధ్యలో రెడ్లు, రావులు. ఒడియా పేర్లన్నీ తెలుగు గొలుసుకట్టులో, కలం ఎత్తకుండా రాసే రాతలో, వరసగా.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. రాష్ట్రం మారి సరిగ్గా ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన రోజున మన బజార్లో ఒక గుమాస్తా తెలుగులో "శ్రీ" రాసి, చికిటి పాత్రోగారి బాకీ తెలుగులో వేసుకున్నాడు. ఆ పాత్రోగారికి ఏ అభ్యంతరమూ లేదు. ఆయన ఒడియాలో బేరమాడి ఉంటాడు, సావుకారు ఒడియాలోనే జవాబు చెప్పి ఉంటాడు, లెక్క తెలుగులో పడింది. ఈ సంగతి నాకు ఏ చరిత్ర పుస్తకమూ చెప్పలేదు. కిలోన్నర కాగితం చెప్పింది.

ఆ చేతిరాత మా నాన్నది కాదని మొదటి పేజీలోనే తెలిసింది. ఆ ఏటికి నాన్న ఇంకా పనిలో చేరనేలేదు. అయినా చివరి పేజీ దాకా తిప్పాను.

మా ఇల్లు మగ్గాల వీధి పక్క సందులో ఉండేది. బడి లేని రోజుల్లో నాన్నకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళడం నా పని. పావుగంట నడక. నాకు మాత్రం గంట పట్టేది. ముందు మగ్గాల చప్పుడు. ఇళ్ళ ముందు గదుల్లో గుంట మగ్గాలు, గుంటలో కాళ్ళు ఆడుతుంటే నాడె ఇటు నుంచి అటు పోయే చప్పుడు. పట్టు నూలుకి రంగు వేసిన నీళ్ళు వీధి కాలువలో పారేవి. కాలువ ఎర్రగా ఉంటే ఎర్ర పట్టు, పసుపుగా ఉంటే పసుపు పట్టు. ఇంటికి పోయి అమ్మకి చెప్పేదాన్ని, ఇవాళ కాలువ ఆకుపచ్చ అని.

మహురి రాజు పిలిస్తే రాజమహేంద్రవరం వైపు నుంచి ఆ నేతగాళ్ళు ఇక్కడికి వచ్చారని పెద్దలు చెప్పేవారు. బరంపురం పట్టు అంటే కుంభం అంచు చీర, మగవాళ్ళకి జోడు. పెళ్ళికొడుకు పట్టు జోడు బరంపురంలో కొనకపోతే ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్ళకి పెళ్ళి జరిగినట్టే ఉండేది కాదు. పొద్దున్నే పాసింజరు దిగి, బట్టలు, ఇత్తడి సామాను, పసుపు కుంకుమలు అన్నీ కొనుక్కుని, సాయంత్రం పాసింజరుకి మూటలతో వెళ్ళిపోయేవారు. పాతిక కిలోమీటర్ల దూరంలో రాష్ట్రం మారుతుందన్న ఆలోచనే ఎవరికీ ఉండేది కాదు.

మగ్గాల వీధి దాటితే అప్పడాల ఇళ్ళు. అరుగుల మీద, డాబాల మీద చాపలు పరిచి ఆడవాళ్ళు అప్పడాలు ఒత్తి ఎండబెట్టేవారు. ఇంగువ వాసన ఆ మలుపు దగ్గరే తగిలేది. ఊరగాయ కొట్లో నా ఎత్తున జాడీలు, మూతులకి గుడ్డలు కట్టి. ఆ పక్కన టిఫిన్ల కొట్టు. ఇడ్లీ, బొరా, ఉప్మా. ఉప్మా మీద ఘుగుని, అంటే బఠాణీల కూర, పోసుకుని తినడం మన ఊరి అలవాటు. చుట్టాలు వస్తే మొదటిరోజు మొహం చిట్లించేవారు, రెండోరోజు వాళ్ళే అడిగి పోయించుకునేవారు.

ఇత్తడి సామాన్ల కొట్టు ముందు నేను తప్పకుండా ఆగేదాన్ని. అక్కడ గట్టు మీద ఒకాయన బిందెల మీద, చెంబుల మీద పేర్లు చెక్కేవాడు. చిన్న ఉలి, చిన్న సుత్తి. టకటకమని కొడుతుంటే చుక్కలు చుక్కలుగా అక్షరం తయారయ్యేది. ఎవరైనా బిందె ముందు పెడితే, పేరు ఏమిటని అడిగేముందు "తెలుగా, ఒడియానా?" అని అడిగేవాడు. రెండూ ఒకే ఉలితో, ఒకే వేగంతో చెక్కేవాడు. మా అమ్మ పేరున్న బిందె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఆయన పేరు మాత్రం నాకు తెలియదు. ఎవరి పేరైనా చెక్కేవాడు, ఆయన పేరు ఎక్కడా చెక్కి ఉండదు.

ఆ తర్వాత నాన్న కొట్టు. షట్టర్లు లేవు అప్పుడు. చెక్క పలకల తలుపులు. గడప గాడిలో ఒక్కో పలకా నిలబెట్టి పక్కకి జరుపుకుంటూ పోవాలి. ప్రతి పలక మీదా ఒక అంకె, తారుతో రాసింది: ౧, ౨, ౩, అలా ౧౨ దాకా. వరస తప్పితే చివరి పలక పట్టదు. పొద్దున కొట్టు తెరిచే పిల్లాడు ఒడియావాడు. బడి మొహం చూడలేదు. తెలుగు అంకెలు మాత్రం పన్నెండూ వచ్చు. ఇప్పుడు మన ఇళ్ళల్లో డిగ్రీలు చదివిన పిల్లలకి ఆ అంకెలు చూపిస్తే ఇవేమిటని అడుగుతున్నారు.

లోపల తెల్ల దుప్పటి పరిచిన గద్దె. సావుకారు బాలీసుకి ఆనుకుని, పక్కన గల్లాపెట్టె. మూల నాన్న. ఏటవాలు డెస్కు, సిరాబుడ్డి, అద్దుడు కాగితం. నన్ను చూడగానే సావుకారు "ఏటమ్మా, నాన్నకి అన్నం తెచ్చేవా?" అనేవారు. నాన్న తల ఎత్తేవారు కాదు. కూడిక మధ్యలో ఉంటే అంతే. వేలు పద్దు మీద ఉంచి, మొత్తం వేసి, గీత గీసి అప్పుడు చూసేవారు. పావులెక్కం, అరలెక్కం, ముప్పావులెక్కం నోటికి వచ్చేవి ఆయనకి. పైకే చదివేవారు. అది విని కొనుగోలుదారు కూడా లోపల్లోపల కలుపుకునేవాడు.

మీ గద్దె ముందు విన్న మాటలే నాకు తెలిసిన అసలైన బరంపురం. ఒక ముసలమ్మ ఉండేది, ఒడియా ఆవిడ. ఏటా మనవరాళ్ళకి గుడ్డలు కొనడానికి వచ్చేది. "సావుకారే, టికే కమ్ కరొ" (కొంచెం తగ్గించు) అని మొదలుపెట్టి, బేరం కుదరకపోతే తెలుగులోకి దిగేది. "మీ నాన్న ఉన్నప్పుడు నాకు ఇలాగే ఇచ్చాడా?" అని తెలుగులో అంటే సావుకారు తగ్గించక తప్పేది కాదు. ఆవిడకి అది తెలుసు. మన ఆడవాళ్ళూ అంతే. ఒడియా కొట్లో "భాయినా" (అన్నా) అని పిలిచి ఒడియాలో బేరం చేసేవారు. బేరం నెగ్గడానికి ఎదుటివాళ్ళ భాష పనికొచ్చేది.

దీపం పెట్టేవేళ అప్పు ఇచ్చేవారు కాదు. బోణీకి ముందు ఎవరైనా అరువు అడిగితే ఇరుకున పడేవారు. ఇవన్నీ మీకు తెలిసినవే. కొందరు ఇప్పటికీ పాటిస్తున్నారు, చూస్తూనే ఉన్నాను.

ఠాకురాణి యాత్ర వచ్చిందంటే పుస్తకంలో ఒక పేజీ దానికే. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వస్తుంది. దేశీబెహెరా వీధిలో అమ్మవారికి గుడారం వేస్తారు. రాత్రుళ్ళు ఘటాలు వీధుల్లో తిరుగుతాయి. పులి వేషాలు, దేవుళ్ళ వేషాలు, బొమ్మల రథాలు. నాన్న యాత్ర పద్దు వేరుగా రాసేవారు. చందా ఇంత, వేషగాళ్ళకి ఇంత, పానకానికి ఇంత, దీపం నూనెకి ఇంత. "అమ్మవారి పద్దులో కొట్టివేత ఉండకూడదమ్మా" అనేవారు. ముందు చిత్తుకాగితం మీద రాసుకుని, సరిచూసుకుని, అప్పుడు ఎక్కించేవారు. మన ఊరి యాత్ర గురించి ఇవాళ వీడియోలు వేలున్నాయి. ఏ ఏడు ఏ వీధి ఎంత ఇచ్చింది, ఏ వేషం కట్టినవాడికి ఏమి ముట్టింది అన్నది మాత్రం మీ అటకల మీదే ఉంది.

మా తాతమ్మ చెప్పిన ముచ్చట ఒకటి. ఇక్కడి నుంచి ఎంతోమంది గోపాలపురంలో ఓడ ఎక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళేవారు. వెనక ఉన్న ఆడవాళ్ళకి కొట్లలో ఖాతాలుండేవి. అక్కడి నుంచి మనియార్డరు వచ్చాక చెల్లు. ఒక్కోసారి మనియార్డరు రాదు, మనిషీ రాడు. ఆ ఖాతా ఏమయ్యేదని అడిగితే "సావుకారు పేజీ తిప్పేసేవాడు" అనేది. మీ కొట్టు అంత పాతదైతే ఆ తిప్పేసిన పేజీలు మీ దగ్గర ఉండాలి. రంగం వెళ్ళి తిరిగిరాని వాళ్ళ పేర్లు వాళ్ళ సొంత మనవలకే తెలియని ఇళ్ళు ఈ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మన బజారు ఎలా అయిందో మీరు మరిచిపోయి ఉండరు. పెంకులు లేచిపోయాయి. బోర్డులు ఎవరివి ఎక్కడ పడ్డాయో తెలియదు. మూడోరోజు ఎండ కాస్తే చూడ్డానికి వెళ్ళాను. కొట్ల ముందు దండేలు కట్టి, బట్టలతో పాటు ఎర్ర పుస్తకాలు ఆరవేశారు. ఒక పెద్దాయన ఒక్కో పేజీ మధ్యా పాత పేపరు ముక్క పెట్టి ఆరబెడుతున్నారు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఇంట్లో ఎన్ని పనులున్నాయో. ఆయన పుస్తకాలు ఆరబెట్టుకుంటున్నారు. అంత తుపానులో కాపాడుకున్న పుస్తకాలు ఇవాళ వాన లేకుండా, గాలి లేకుండా పోతున్నాయి.

పాత కొట్లు పడగొట్టవద్దని నేను అడగడం లేదు. గోడలు నెమ్ముతున్నాయి, దూలాలు చెదలు పట్టాయి, పైన పిల్లలు పడుకుంటున్నారు. కట్టుకోవాలి. షట్టరు పెట్టుకోవాలి. లెక్కలు కంప్యూటర్లో వేసుకోవాలి. కొనేవాళ్ళు ఫోన్లోనే కొనుక్కుంటుంటే మీరు ఎలా నెట్టుకొస్తున్నారో నాకు తెలుసు. గుమాస్తా కూతుర్ని, కొట్టు కష్టం చూసి పెరిగినదాన్ని. నేను అడిగేది అటక మీది పుస్తకాల సంగతే.

మీలో కొందరికి ఒక భయం ఉంటుంది. నాతో ఒకరు అన్నారు కూడా: "అందులో అప్పులున్నాయి వదినా. ఎవరు ఎవరికి బాకీయో ఉంది. బయటపడితే బాగుండదు." ఆ మాటలో న్యాయం ఉంది. తాత బాకీ ఎగ్గొట్టాడని మనవడిని ఎవరూ అనకూడదు. అందుకని పద్ధతి మీరే పెట్టండి. యాభై ఏళ్ళ లోపు పుస్తకాలు ఇవ్వకండి. పేర్లున్న చోట కాగితం కప్పి మిగతా చూపించండి. పేరు లేకపోయినా ధరలుంటాయి, సరుకులుంటాయి, ఊళ్ళుంటాయి, పండగలుంటాయి. ఏ ఏడు కరువు వచ్చిందో బియ్యం పద్దు చూస్తే తెలిసిపోతుంది. ఏ ఇంట్లో పెళ్ళయిందో పసుపు పద్దు చెప్తుంది.

ఇంకొందరు అన్నారు, చరిత్ర అంటే పెద్దవాళ్ళది కదా, కిరాణా లెక్కలో ఏముంటుంది అని. మన ఊళ్ళో పెద్దవాళ్ళు పుట్టారు. రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు 1894లో ఇక్కడే పుట్టారు. తాపీ ధర్మారావు గారు 1887లో ఇక్కడే పుట్టారు. వాళ్ళ గురించి రాసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మగ్గం మీద కూర్చున్నవాడి గురించి, అప్పడాలు ఒత్తిన ఆవిడ గురించి, మూటలు మోసినవాడి గురించి ఒక్క వాక్యమైనా ఉంటే అది మీ పుస్తకాల్లోనే ఉంది. "అప్పడాల సూరమ్మకి మినపపిండి" అని నాకు దొరికిన పుస్తకంలో చాలా చోట్ల ఉంది. ఇంటిపేరు లేదు, ఊరు లేదు. ఆవిడ ఎవరో తెలుసుకునే దారి లేదు. కానీ వైశాఖ జ్యేష్ఠాల్లో వారానికి రెండుసార్లు, వానాకాలంలో నెలకి ఒకసారి పిండి తీసుకెళ్ళింది. ఎండ ఉన్న రోజుల్లో ఆవిడ ఇంట్లో పొయ్యి బాగా వెలిగిందని, వాన పడితే చేయి ఆగిపోయిందని ఆ పద్దుల్లో కనిపిస్తోంది.

అసలు తొందర ఎందుకో ఇప్పుడు చెప్తాను. ఈ పుస్తకాలు రాసింది గొలుసుకట్టులో. కలం ఎత్తకుండా ఒక అక్షరంలోంచి ఇంకో అక్షరంలోకి జారుతూ రాసే రాత. అచ్చు తెలుగు చదవడం వచ్చినవాళ్ళకి కూడా చప్పున అంతుపట్టదు. తలకట్టు ఉండదు, మాటకీ మాటకీ ఎడం ఉండదు. "బాకీ" సగమే రాస్తారు, "తేదీ" ఒక్క అక్షరమే రాస్తారు. నాన్న నాకు వేసవి సెలవుల్లో నేర్పారు. ఆడపిల్లకి ఎందుకని ఇంట్లో అన్నారు. "ఎప్పుడైనా నా కళ్ళు పోతే ఎవరు చదువుతారు?" అన్నారాయన. అలా నాకు వచ్చింది. ఈ ఊళ్ళో ఆ రాత గడగడా చదివేవాళ్ళు నాకు తెలిసి చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అందరం ముసలివాళ్ళమే. పుస్తకాలు మిగిలి చదివేవాళ్ళు పోయినా కష్టమే, చదివేవాళ్ళుండి పుస్తకాలు పోయినా కష్టమే. ఇప్పుడు ఇంకా రెండూ ఉన్నాయి.

కాబట్టి నేనూ, రిటైరైన ఇద్దరు మాస్టార్లూ ఒక పని మొదలుపెట్టాం. ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా మా ఇంటి అరుగు మీద కూర్చుంటున్నాం. పుస్తకం పట్టుకురండి. మీ ఎదురుగానే చదివి చెప్తాం. మా మనవరాలు ఫోన్లో పేజీ పేజీకీ ఫొటో తీస్తుంది. మీరు వద్దన్న పేజీ తియ్యదు. పుస్తకం మీరే పట్టుకెళ్ళిపోవచ్చు. ఇంట్లో చోటు లేదు, ఉంచుకోలేమంటే మా దగ్గర పెట్టండి, రసీదు రాసి ఇస్తాం. మన తెలుగు సంఘాల్లో ఏదో ఒకటి ఒక బీరువా ఇవ్వకపోదు, అడుగుతున్నాం. పాత కొట్ల వాళ్ళు ఒడియావాళ్ళున్నారు, వాళ్ళ పుస్తకాలూ ఉన్నాయి. అవీ తెమ్మని చెప్పండి. పాత ఒడియా చేతిరాత చదివే పెద్దమనిషి ఒకరు వస్తానన్నారు.

కొడుకుల్ని, మనవల్ని వెంట తీసుకురండి. ఇది ముఖ్యంగా అడుగుతున్నాను. మొన్న ఒక తాతగారు మనవడిని తెచ్చారు. పదిహేనేళ్ళ పిల్లాడు, తెలుగు అక్షరం రాదు. మొదటి పావుగంట ఫోన్ చూసుకున్నాడు. 1960ల నాటి పుస్తకంలో మాస్టారు ఒక పద్దు చదివారు: "చిన్నబ్బాయికి బడి పలక." ఆ చిన్నబ్బాయి ఎవరని పిల్లాడు అడిగాడు. తాతగారు నేనేరా అన్నారు. ఆ పిల్లాడు లేచి వచ్చి పుస్తకంలోకి వంగి, "ఏది, ఎక్కడ రాశారు?" అని వెతికాడు. వెళ్ళేముందు ఆ ఒక్క పేజీకీ తన ఫోన్లో తనే ఫొటో తీసుకున్నాడు. వచ్చే వారం కూడా వస్తానన్నాడు.

బోర్డుల గురించి ఒక్క మాట. మూడు లిపుల్లో రాసిన పాత రేకు బోర్డులు కొన్ని ఇంకా కనిపిస్తున్నాయి. పైన ఒడియా, నడుమ తెలుగు, కింద ఇంగ్లీషు. కొత్త ఫ్లెక్సు కట్టేటప్పుడు పాత రేకు దించి పాత సామాన్లకి వెయ్యకుండా, కొట్టు లోపలి గోడకి కొట్టించండి. తారు అంకెలున్న తలుపు పలకలుంటే ఒక్కటైనా ఉంచుకోండి. వంటచెరకుకి ఇచ్చేవాళ్ళుంటే నాకు కబురు చెయ్యండి, నేనే వచ్చి పట్టుకుపోతాను.

తెచ్చేటప్పుడు కొంచెం జాగ్రత్త. అటక మీది నుంచి దించాక పుస్తకం వెంటనే బార్లా తెరవకండి, కుట్టు దగ్గర విరిగిపోతుంది. దుమ్ము తడిగుడ్డతో తుడవకండి, సిరా అలుక్కుపోతుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు. పురుగు పట్టి ఉంటే మిగతా పుస్తకాల నుంచి వేరుచేసి, పాత పంచెలో చుట్టి తీసుకురండి. తాడు కట్టి ఉంటే విప్పకండి. ఆ ముడి ఎలా వేశారో చూసి, నేను విప్పుతాను.

ఇట్లు,
మీ గుమాస్తా గారి రెండో అమ్మాయి,
బరంపురం.